బొబ్బిలి వీణ: ఒకే దుంగలో పుట్టే వాద్యం, మైనం మీద నిలిచే శ్రుతి

బొబ్బిలి పేరు వినగానే తెలుగువారికి ముందు యుద్ధం గుర్తుకొస్తుంది, ఆ తర్వాత వీణ. విజయనగరం జిల్లాలోని ఈ పట్టణంలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలోనూ తరతరాలుగా వీణలు తయారవుతున్నాయి. తయారీదారుల్లో సర్వసిద్ధి అనే ఇంటిపేరు గల కుటుంబాలవారు ఎక్కువ. కుండ, దండి, యాళి ముఖం మూడింటినీ ఒకే పనస దుంగలో తొలచడం ఇక్కడి వీణకు పేరు తెచ్చిన పద్ధతి. దీన్ని ఏకాండి వీణ అంటారు. 2011-12లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

గిటార్ ప్రపంచంలో మార్టిన్, గిబ్సన్, ఒవేషన్ వంటి పేర్లు కంపెనీలవి. తెలుగునాట తంత్రీవాద్యానికి బ్రాండ్ అనదగిన పేరు ఏదైనా ఉందంటే అది ఒక ఊరిది. ఊరి పేరే ముద్ర అయినప్పుడు దాన్ని నిలబెట్టే పనితనం ఏమిటి, అందులో ఏది బతికి ఉంది, ఏది పలచబడుతోంది అన్నవి అడగవలసిన ప్రశ్నలు. వాటికి జవాబు వీణ నిర్మాణంలోనే ఉంది.

సంస్థానాల నీడలో

1757 జనవరి 24న బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేన, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బలగాలు కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. తాండ్ర పాపారాయుడి కథ, బుర్రకథలు, 1964 నాటి సినిమా ఈ ఘటనను జనం నోట నిలిపాయి. కోట పోయినా సంస్థానం మళ్లీ నిలదొక్కుకుంది. వీణల తయారీకి బొబ్బిలి రాజుల ఆదరణే మూలమని స్థానికులు చెప్పుకుంటారు.

ఒక చేతిపని శతాబ్దాల పాటు ఒకే చోట నిలవాలంటే రాజుగారి ఆదరణ ఒక్కటే చాలదు. కొనేవాళ్లు, వాయించేవాళ్లు, తప్పు పట్టేవాళ్లు దగ్గరలో ఉండాలి. ఉత్తరాంధ్రలో ఆ వాతావరణం ఉండేది. విజయనగరం సంస్థానంలో వీణ వేంకటరమణదాసు వంటి వైణికులు ఉండేవారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల, పి.సుశీల అక్కడ చదువుకున్నవారే. దక్షిణాన పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ మోగేది. 20వ శతాబ్దంలో ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు ఆంధ్ర వీణా బాణీని దేశమంతా వినిపించారు. వీణ చేసే ఊరికీ, వీణ వాయించే ఊళ్లకూ మధ్య దూరం తక్కువగా ఉండటం వల్లే లోపం కనిపిస్తే వడ్రంగి చెవికి చేరేది, మరుసటి వీణలో దిద్దుబాటు జరిగేది.

మెట్లు స్థిరపడిన కథ

ఈ రోజు మనం చూసే వీణకు 24 మెట్లు ఉంటాయి. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. ఇది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు కాదు. అది కుదురుకోవడంలో తెలుగు ఆస్థానాల పాత్ర పెద్దది.

విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల ప్రాపకంలో రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో మెట్ల వీణలను రెండు తెగలుగా వివరించాడు. మొదటిది ఏకరాగమేళ వీణ. వాయించబోయే రాగానికి తగినట్టు మెట్లు అమర్చుకుంటారు, రాగం మారితే అమరిక కూడా మారాలి. రెండోది సర్వరాగమేళ వీణ. ఇందులో అన్ని స్వరస్థానాలకూ మెట్లు ముందే ఉంటాయి, ఏ రాగమైనా అదే అమరికలో వాయించుకోవచ్చు.

తర్వాతి అడుగు తంజావూరులో పడింది. 17వ శతాబ్దపు తొలి దశకాల్లో పాలించిన రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి, సంగీతవేత్త. 24 స్థిరమైన మెట్ల వీణను ఆయనకే ఆపాదించడం సంప్రదాయం. ఆయన మంత్రి గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో 72 మేళాల పద్ధతిని ప్రతిపాదించాడు. ఈ రెంటికీ సంబంధం ఉంది. స్థాయికి 12 స్థానాలు వీణ మీద కళ్లకు కనిపించేలా, చేతికి అందేలా కుదిరిన తర్వాతే వాటి నుంచి ఎన్ని మేళాలు పుట్టగలవో లెక్క కట్టడం తేలికైంది. కర్ణాటక సంగీత శాస్త్రానికి వీణ కొలబద్ద అయింది.

ఐరోపాలో దాదాపు అదే కాలంలో ఇలాంటి సమస్యే ఎదురైంది. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ ల్యూట్ వాద్యకారుడు. ఒక్కో మెట్టుకు తీగ పొడవులో 18వ వంతు తగ్గిస్తూ పోతే సరిపోతుందని ఆయన 1581లో సూచించాడు. గిటార్ ఆ లెక్కల దారిలోనే నడిచి, స్థాయిని 12 సమాన భాగాలుగా విభజించే పద్ధతికి స్థిరపడింది. వీణ మాత్రం మెట్ల సంఖ్యను స్థిరం చేసుకుని, వాటి కచ్చితమైన చోటును చెవికే వదిలేసింది. ఈ తేడా బొబ్బిలి వీణ నాణ్యతకు ఎలా ప్రాణమో తర్వాత చూద్దాం.

దుంగ నుంచి వీణ దాకా

వీణ కలప పనస. మరీ బరువు కాదు, మరీ గుల్ల కాదు. చెదలు త్వరగా పట్టవు. ఉలికి లొంగుతుంది. కోసినప్పుడు పసుపుగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగు దాటి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అయితే ఏకాండి వీణకు పనస అయితే చాలదు. కుండ వెడల్పు రావాలంటే మాను లావుగా ఉండాలి. నాలుగడుగుల పొడవునా ముడులు, పగుళ్లు లేకుండా తిన్నగా సాగాలి. అంత మాను ముదరడానికి దశాబ్దాలు పడుతుంది.

దుంగను ముందు బాడిసతో మోటుగా ఆకారానికి తెస్తారు. ఒక చివర గుండ్రటి కుండ, దాని నుంచి సాగే దండి, చివర వెనక్కి వంగిన యాళి ముఖం. తర్వాత కుండ లోపలి భాగాన్ని, దండిని ఉలితో తొలుస్తారు. గోడ మందంగా మిగిలితే నాదం మొద్దుబారుతుంది, పలచనైతే పగులుతుంది. వెలుతురుకు పట్టి చూసి తెలుసుకునే వీల్లేదు కనుక వేలితో తట్టి, ఆ చప్పుడును బట్టి ఎక్కడ ఇంకా చెక్కాలో నిర్ణయించుకోవాలి. పచ్చితనం ఆరేకొద్దీ కలప ముడుచుకుంటుంది. ఆరని దుంగలో చేసిన వీణ రెండు వేసవులు గడిచేసరికి వంగిపోవచ్చు.

కుండ నోటిని కప్పే పలక మాత్రం విడి చెక్క. తీగల కంపనాన్ని గాలికి అందించేది ప్రధానంగా ఇదే. దీని మీద చిన్నచిన్న రంధ్రాలు ఉంటాయి. దండి కింద, యాళి ముఖానికి దగ్గరగా రెండో బుర్రను తగిలిస్తారు. ఒకప్పుడు ఎండిన సొరకాయ వాడేవారు. ఇప్పుడు కాగితపు గుజ్జుతోనో, ఫైబర్‌తోనో చేసినవి వస్తున్నాయి. దాని ముఖ్యమైన పని వాద్యకారుడి తొడ మీద వీణను నిలపడం, నాదానికి అది చేర్చేది కొంచెమే.

మిగతా చోట్ల, ముఖ్యంగా తంజావూరులో, కుండ, దండి, యాళిని విడివిడిగా చేసి అతికించే పద్ధతి ఎక్కువ. అతుకు వీణకు తనవైన లాభాలు ఉన్నాయి. చిన్న దుంగలు సరిపోతాయి, పాడైన భాగాన్ని మార్చుకోవచ్చు. ఏకాండి వీణకు అతుకు ఊడే భయం లేదు. తీగల బిగువు దశాబ్దాల పాటు లాగుతున్నా దండి, కుండ కలిసే చోట నార తెగకుండా సాగుతుంది. కానీ ఒక్క పగులుతో మొత్తం దుంగ వృథా కావచ్చు. అయినా మంచి నాదానికి ఒకే దుంగ అన్నదే హామీ కాదు. పలక మందం, గుర్రం వంపు, మెట్ల అమరిక కుదరకపోతే ఏకాండి వీణ కూడా మూగదే.

గుండ్రటి వీపు మీద రెండు ఆలోచనలు

అతుకు లేని గుండ్రటి కుండ అనే ఆలోచనకు 20వ శతాబ్దపు అమెరికాలో ఒక విచిత్రమైన జోడీ దొరుకుతుంది. చార్లెస్ కామన్ హెలికాప్టర్ ఇంజనీరు. 1945లో కామన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించాడు. గిటార్ కూడా బాగా వాయించేవాడు. హెలికాప్టర్ రెక్కల కంపనాలను అదుపు చేయడం ఆయన ఇంజనీర్ల నిత్యకృత్యం. అదే పరిజ్ఞానాన్ని తిరగేసి, కంపనాన్ని అణచడానికి బదులు పెంచేలా వాడితే ఎలా ఉంటుందన్న ఆలోచనలోంచి 1966లో ఒవేషన్ గిటార్ వచ్చింది.

మామూలు గిటార్‌కు పలక, వీపు దాదాపు సమాంతరంగా ఉంటాయి. వీపు చదునుగా ఉండటం వల్ల లోపల బద్దీలతో దాన్ని బలపరచాలి. ఒవేషన్ వీపును గిన్నెలా గుండ్రంగా, గాజు నార కలిపిన మిశ్రమ పదార్థంతో ఒకే ముక్కగా పోతపోశారు. ఆ పదార్థానికి లైరాకార్డ్ అని పేరు పెట్టారు. గుండ్రటి ఆకారం తనంతట తానే దృఢంగా ఉంటుంది, లోపల బద్దీలు అక్కర్లేదు. 1970ల మొదట్లో గుర్రం కిందే పీజో పికప్‌ను అమర్చి, వేదిక మీద అకౌస్టిక్ గిటార్‌ను నేరుగా స్పీకర్లకు కలిపే దారి చూపారు. 1976లో వచ్చిన అడామాస్ మోడల్‌లో పలకను కూడా కార్బన్ ఫైబర్‌తో చేసి, మధ్యలో ఒక పెద్ద రంధ్రానికి బదులు పై అంచుల్లో చాలా చిన్న రంధ్రాలు పెట్టారు.

గుండ్రటి వీపు, ఒకే ముక్క, చిన్న రంధ్రాలు, ఇవన్నీ బొబ్బిలి వడ్రంగికి కొత్త విషయాలు కావు. తేడా వేరే చోట ఉంది. ఒవేషన్‌లో ప్రతి గిన్నె మరో గిన్నెకు నకలు. ఏకాండి వీణలో ఏ రెండు కుండలూ ఒకటి కావు, దుంగను బట్టి చేయి మారుతుంది. రెండో తేడా యాజమాన్యానిది. ఒవేషన్ తర్వాతి కాలంలో ఫెండర్ చేతికి వెళ్లింది. కనెటికట్ రాష్ట్రంలోని న్యూహార్ట్‌ఫోర్డ్ కార్ఖానాను ఫెండర్ 2014లో మూసేసింది. తర్వాత ఆ బ్రాండ్ ఇంకో సంస్థకు చేరింది. కంపెనీ పేరు ఎవరికైనా అమ్ముడుపోగలదు. ఊరి పేరు అలా అమ్ముడుపోదు. కానీ ఖాళీ కాగలదు.

గుర్రం చేసే మాయ

వీణ నాదానికి ఉండే ఝుంకారం, మీటిన తర్వాత చాలాసేపు రంగులు మారుస్తూ సాగే ఆ గుణం, ఎక్కువగా గుర్రం వల్ల వస్తుంది. గిటార్‌లో తీగ సన్నటి ఎముక అంచు మీద ఆని అక్కడితో ఆగిపోతుంది. వీణ గుర్రం మీద వెడల్పాటి లోహపు పలక ఉంటుంది, దాని ఉపరితలం స్వల్పంగా వంపు తిరిగి ఉంటుంది. తీగ కంపించే ప్రతిసారీ ఆ వంపును కొంచెం తాకుతూ, కొంచెం వదులుతూ ఉంటుంది. అంటే తీగ చివర ఒక బిందువు కాదు, నిరంతరం కదిలే హద్దు.

దీని శాస్త్రాన్ని పరిశీలించినవారు సి.వి.రామన్. 1921లో భారతీయ తంత్రీవాద్యాల మీద ప్రచురించిన పత్రంలో ఆయన వీణ, తంబురాల గుర్రాలను పరిశీలించారు. తీగను ఒక నిర్దిష్ట బిందువు వద్ద మీటితే ఆ బిందువు నిశ్చలంగా ఉండవలసిన ఉపస్వరాలు వినబడకూడదన్నది అప్పటికి ఉన్న సూత్రం. వీణలో, తంబురాలో అవి వినబడుతున్నాయని రామన్ చూపించారు. గుర్రం వంపే దానికి కారణం. తంబురాలో ఆ పనికి జీవా అనే నూలుపోగు తోడవుతుంది. వీణలో పోగు లేదు, వంపును లోహంలోనే అరగదీయాలి. వంపు ఎక్కువైతే తీగ గరగరలాడుతుంది, తక్కువైతే నాదం పొడిగా మిగులుతుంది. ఆకురాయితో అరగదీస్తూ, మీటి వింటూ, మళ్లీ అరగదీస్తూ సాగే పని ఇది. దీనికి అచ్చు లేదు.

మైనం మీద మెట్లు

మెట్లను అమర్చడాన్ని మేళం కట్టడం అంటారు. దండి పైన రెండు అంచుల వెంబడి తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి తయారుచేసిన నల్లటి ముద్దను గట్లుగా పోస్తారు. ఇత్తడి లేదా కంచు మెట్లను ఆ గట్ల మీద అడ్డంగా నిలుపుతారు. మైనం వెచ్చగా ఉండగా ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, సారణి తీగను మీటి వింటూ స్థానం ఖాయం చేస్తారు.

ఇందులో ఎంత సున్నితం ఉందో ఒక లెక్కతో తెలుస్తుంది. మేరువు నుంచి గుర్రం దాకా తీగ పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. 12వ మెట్టు సరిగ్గా సగంలో, 40 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. 24వది 60 దగ్గర. గిటార్ పద్ధతిలో స్థాయిని 12 సమాన భాగాలు చేస్తే మొదటి మెట్టు మేరువు నుంచి దాదాపు 4.5 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. చివరి రెండు మెట్ల మధ్య ఎడం 1.2 సెంటీమీటర్లే. అక్కడ ఒక మిల్లీమీటరు జరిగినా అపశ్రుతి చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు అంతర గాంధారం చూద్దాం. గిటార్ లెక్కన అది మేరువు నుంచి 16.5 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. తంబురా శ్రుతితో కలిసి హాయిగా మోగే గాంధారం షడ్జంతో ఐదుకు నాలుగు నిష్పత్తిలో ఉంటుంది. ఆ లెక్కన చోటు 16 సెంటీమీటర్లు. తేడా 5 మిల్లీమీటర్లు. పంచమానికి వస్తే రెండు లెక్కలకూ తేడా అర మిల్లీమీటరు పైచిలుకే. అంటే ఏ స్వరాన్ని ఎంత జరపాలో ఒకే సూత్రం చెప్పదు. పైగా వేలితో నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి కొంత పెరుగుతుంది. మెట్టు ఎత్తును బట్టి, తీగ మందాన్ని బట్టి ఆ పెరుగుదల మారుతుంది. మేళం కట్టేవాడు ఇవన్నీ కలిపి చెవితో తూచాలి. ఒకే మెట్టు నాలుగు తీగలకూ సరిపోవాలి కనుక ఒక తీగకు కుదిరింది మరోదానికి కుదరకపోవచ్చు. అప్పుడు ఎక్కడ రాజీ పడాలో తెలియడమే నేర్పు.

మైనానికి ఒక బలహీనత ఉంది. ఎండకు మెత్తబడుతుంది, చలికి పెళుసవుతుంది, వాయించే ఒత్తిడికి మెట్లు కొద్దికొద్దిగా కదులుతాయి. అందుకే కొన్నేళ్లకోసారి మేళం మళ్లీ కట్టించుకోవాలి. గిటార్ కొన్నవాడికి తయారీదారుతో పని ఒక్కసారితో తీరిపోవచ్చు. వీణ కొన్నవాడికి ఆ బంధం జీవితాంతం ఉంటుంది. ఈ బలహీనతే మరో వైపు నుంచి చూస్తే బలం. వాద్యకారుడి చెవికి, బాణీకి తగ్గట్టు వీణను మళ్లీ మళ్లీ సరిచేసుకునే వీలు మైనం ఇస్తుంది.

తీగలు, గమకం

వీణకు ఏడు తీగలు. మెట్ల మీద సాగేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. దండి పక్కన సాగే మూడు తాళానికీ, శ్రుతికీ. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు ప్రధాన తీగలను మీటుతాయి, చిటికెన వేలు పక్క తీగలను చూసుకుంటుంది. తీగల ఒక కొస బిరడలకు, ఇంకో కొస కుండ చివర నాగపాశానికి కట్టి ఉంటాయి. సన్నటి శ్రుతి తేడాలను లంగర్లతో సరిచేసుకుంటారు.

మెట్లు దండి నుంచి ఎత్తుగా నిలిచి ఉండటానికి కారణం గమకం. ఎడమచేతి వేళ్లు తీగను మెట్టు మీద పక్కకు లాగి, ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలికించగలవు. గిటార్‌లో మెట్లు ఫ్రెట్ బోర్డులో పొదిగి ఉంటాయి కనుక వేలు చెక్కకు తగులుతుంది, లాగడానికి చోటు తక్కువ. ఈ ఇబ్బందిని దాటాలనుకున్న గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్.రామనాథన్ దగ్గర ఆయన వీణ నేర్చుకున్నారు. 1970లలో శక్తి బృందం కోసం గిబ్సన్ కంపెనీలో అబ్రహాం వెక్టర్ చేత ప్రత్యేకమైన అకౌస్టిక్ గిటార్ చేయించుకున్నారు. దాని మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచారు, ప్రధాన తీగలకు ఏటవాలుగా శ్రుతి తీగలు అమర్చారు. వీణ నిర్మాణంలోని తర్కం ఒక గిటార్‌కు అలా బదిలీ అయింది.

ఎదురు దిశలో నడిచినవారు పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. జంట తీగల పాశ్చాత్య వాద్యాన్ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చి కర్ణాటక గమకాలకు ఒప్పించారు. గమకం ఏ వాద్యాన్ని తాకినా దాని నిర్మాణాన్ని మార్చక తప్పదని ఈ రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

గుర్తింపు ఏం కాపాడుతుంది?

భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. నమోదు పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఫలానా ప్రాంతం వల్ల నాణ్యతో, పేరో వచ్చిన వస్తువుకు ఆ పేరును బయటివారు వాడుకోకుండా ఇది అడ్డుకుంటుంది. ట్రేడ్‌మార్కుకూ దీనికీ ముఖ్యమైన తేడా ఉంది. భౌగోళిక గుర్తింపును అమ్మడం, మరొకరికి బదిలీ చేయడం చట్టం ఒప్పుకోదు. ఒవేషన్‌లా బొబ్బిలి వీణ పేరు చేతులు మారే ప్రమాదం లేదు.

అయితే చట్టం కాపాడేది పేరును. పేరు వెనకున్న పనులను కాపాడటం దాని చేతిలో లేదు. బొబ్బిలిలో ఇప్పుడు అమ్మకాల్లో పెద్ద భాగం బహుమతి వీణలది. చేతిలో పట్టేంత చిన్నవి, గాజు పెట్టెలో అమర్చినవి. సభల్లో అతిథులకు ఇవ్వడానికి, ఇళ్లలో అలంకరణకు కొంటారు. పెద్ద వీణకు వారాల తరబడి పని పడుతుంది, కొనేవారు తక్కువ. చిన్న వీణ త్వరగా తయారవుతుంది, గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. చిన్న చెక్కలతో సరిపోతుంది. ఈ వీణలే లేకపోతే చాలామంది ఈ పాటికి ఉలి కింద పెట్టేసేవారు. కనుక వాటిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

కానీ బహుమతి వీణ మోగదు. దానికి కుండ గోడ మందం లెక్క అక్కర్లేదు, గుర్రం వంపు అక్కర్లేదు, మేళం కట్టడం అసలే అక్కర్లేదు. అది చెక్కడం అనే పనిని బతికిస్తుంది, వినడం అనే పనిని బతికించలేదు. యాళి ముఖం అందంగా చెక్కగల యువకుడు తయారవడానికి బహుమతి వీణలు చాలు. అంతర గాంధారం చోటు చెవితో పట్టగలవాడు తయారవాలంటే పెద్ద వీణలు చేతిలో నలగాలి, వాటిని వాయించేవారు ఎదురుగా కూర్చుని బాగోలేదని చెప్పాలి.

కలప సమస్య దీనికి తోడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతో పాటు పనస చెట్లను కూడా కూల్చింది. కూలిన మాను స్థానంలో నాటిన మొక్క వీణ దుంగ కావడానికి ఒక తరం పడుతుంది. మరోవైపు కొత్త వాద్యాలూ వస్తున్నాయి. కచేరీల్లో కాంటాక్ట్ మైకు మామూలైంది. బెంగళూరుకు చెందిన రాడెల్ సంస్థ డిజిటల్ వీణ తెచ్చింది. విప్పి పెట్టెలో సర్దుకునే వీణలు ప్రయాణాలు చేసే వైణికులకు నచ్చుతున్నాయి. ఇవి తప్పు కాదు. రఘునాథ నాయకుడి కాలంలో స్థిరమైన మెట్లు కూడా కొత్తవే.

బొబ్బిలికి అవసరమైనవి మూడు ఉన్నాయి. పనసను వీణ కోసమే నాటి, దశాబ్దాల ముందుచూపుతో పెంచడం మొదటిది. సంగీత కళాశాలలు తమకు కావలసిన వీణలను బొబ్బిలిలోనే చేయించుకోవడం, పాత వీణలకు మేళం అక్కడే కట్టించుకోవడం రెండోది. దానివల్ల తయారీదారుకూ వైణికుడికీ మధ్య తెగిన సంభాషణ మళ్లీ మొదలవుతుంది. శిక్షణ కేంద్రాల్లో ఉలితో పాటు శ్రుతి కూడా నేర్పడం మూడోది. వీణ చేసే పిల్లవాడు కనీసం సరళీ స్వరాలైనా వాయించగలగాలి.

కొనేవారికి కూడా ఒక బాధ్యత ఉంది. ఏకాండి అవునా కాదా అని అడగడంతో ఆగకూడదు. 12వ మెట్టు మీద పలికే స్వరం, ఒట్టి తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయి స్వరం అవుతోందా? అన్ని తీగల మీదా అవుతోందా? మంద్రం మీటితే నాదం ఎంతసేపు నిలుస్తోంది? గమకానికి లాగినప్పుడు తీగ పక్క మెట్టుకు తగిలి గరగరలాడుతోందా? ఈ ప్రశ్నలు అడిగే చెవి ఎదురుగా ఉన్నంత కాలం బొబ్బిలి అన్న పేరులో నాదం ఉంటుంది. ఆ చెవి లేనప్పుడు గాజు పెట్టెలోని అందమైన బొమ్మే మిగులుతుంది.